పదిహేను మందిలో తొమ్మిది: అమెరికా హైస్కూల్ సాఫ్ట్‌బాల్‌లో తల్లిదండ్రుల లెక్కలు

ఏప్రిల్ మొదటి వారం. న్యూజెర్సీలో సాయంత్రం నాలుగున్నరకు ఆట మొదలవుతుంది, చలి ఇంకా వదలదు. కంచె ఇవతల మడత కుర్చీలు, భుజాల మీద దుప్పట్లు, ఫ్లాస్కుల్లో టీ. ఇండియా నుంచి వచ్చిన తాతగారు ఒకాయన మంకీ క్యాప్ పెట్టుకుని, ఏం జరుగుతోందో అర్థం కాకపోయినా అందరితో పాటు చప్పట్లు కొడుతుంటారు. ఆయన పక్కన కూర్చున్న తండ్రి చిన్నప్పటి నుంచి క్రికెట్ తప్ప మరో ఆట చూడని మనిషి. ఆయన ముందు కుర్చీలోని ఆవిడను మెల్లగా అడుగుతాడు: "మూడు స్ట్రైకులు అయిపోయాయి కదండీ, ఔటైన అమ్మాయి ఎందుకు పరుగెత్తుతోంది?"

ఆ సందేహం ఒక్క వాక్యంతో తీరుతుంది. మూడో స్ట్రైకు బంతిని, అంటే బ్యాటర్ తప్పిన మూడో బంతిని, వెనక వికెట్‌కీపర్‌లా ఉండే క్యాచర్ శుభ్రంగా పట్టుకోలేకపోయినప్పుడు, మొదటి బేస్ ఖాళీగా ఉంటే లేదా అప్పటికే ఇద్దరు ఔటై ఉంటే, బ్యాటర్ మొదటి బేస్‌కు పరుగెత్తి బతకవచ్చు. నెల తిరిగేసరికి వచ్చే ప్రశ్నలు ఇంత తేలిగ్గా తీరవు. మా అమ్మాయి ఎప్పుడూ బెంచీ మీదే ఎందుకు ఉంటోంది? స్కూలు జట్టు ఉండగా వేలకు వేలు కట్టి క్లబ్బులో కూడా ఎందుకు ఆడించాలి? అబ్బాయిల మైదానానికి లైట్లు ఉన్నాయి, వీళ్లకెందుకు లేవు? ఇంత ఖర్చు పెడితే కాలేజీలో స్కాలర్‌షిప్ వస్తుందా? ఈ ప్రశ్నలన్నీ ఒక చోట ముడిపడి ఉన్నాయి. ఒకే అమ్మాయి ఒకే ఆటను రెండు వేర్వేరు ఏర్పాట్లలో ఆడుతుంది, ఒక ఏర్పాటు లెక్కలు తీసుకెళ్లి రెండో దాని మీద వేసినప్పుడే ఇంట్లో గొడవలు మొదలవుతాయి.

మెత్తన పేరులోనే

సాఫ్ట్‌బాల్ 1887లో షికాగోలో పుట్టింది. బేస్‌బాల్‌ను చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది. పేరు మాత్రం 1920లలో స్థిరపడింది. మొదట్లో బంతి నిజంగానే మెత్తగా ఉండేదట కానీ ఇప్పటి పసుపు బంతిని చేత్తో నొక్కి చూస్తే ఆ పేరు మీద నమ్మకం పోతుంది. దాని చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 180 గ్రాములకు అటూ ఇటూ. క్రికెట్ బంతి బరువు 163 గ్రాములు దాటదు.

హైస్కూల్ ఆటలో బంతి వేసే పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ దగ్గర ఉండే హోమ్ ప్లేట్‌కు దూరం 43 అడుగులు. పిచర్ చేతిని గాలిమరలా పూర్తిగా తిప్పి, నడుము దగ్గర నుంచి బంతిని వదులుతుంది. ఒక మంచి హైస్కూల్ పిచర్ గంటకు 60 మైళ్ల వేగంతో వేస్తుందనుకుందాం. అంటే సెకనుకు 88 అడుగులు. పిచర్ ముందుకు అడుగు వేసి వదులుతుంది కాబట్టి బంతి ప్రయాణించేది సుమారు 37 అడుగులే. భాగించి చూస్తే 0.42 సెకన్లు. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో బౌలింగ్ చేసే వాడి బంతి క్రికెట్ బ్యాటర్‌ను చేరడానికి పట్టే సమయం కూడా దాదాపు ఇంతే, పైగా అక్కడ పిచ్ మీద పడి కొంచెం నెమ్మదిస్తుంది. "అమ్మాయిల ఆట కదా" అనే మాట నోటి దాకా వచ్చినవారు ఈ లెక్కను ఒకసారి చూసుకుంటే మంచిది.

ఆట ఏడు ఇన్నింగ్స్. మైదానంలో తొమ్మిది మంది. బేస్‌ల మధ్య 60 అడుగులు. ఎక్కువ రాష్ట్రాల్లో ఇది వసంతకాలపు ఆట, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎంపికలు జరుగుతాయి. జార్జియా, మిస్సోరి లాంటి కొన్ని చోట్ల మాత్రం ఆకురాలు కాలంలో ఆడతారు. అందుకే డాలస్ నుంచి అట్లాంటాకు ఇల్లు మారిన కుటుంబానికి ఎంపికల తేదీ ఒక్కసారిగా అర్ధ సంవత్సరం జరిగిపోతుంది.

స్కూలు జట్టు, క్లబ్బు జట్టు

స్కూలు జట్టు ప్రభుత్వ విద్యావ్యవస్థలో భాగం. కోచ్ చాలాసార్లు అదే స్కూల్లో పాఠాలు చెప్పే ఉపాధ్యాయురాలో ఉపాధ్యాయుడో అయి ఉంటారు. ఆటల సీజన్‌కు వచ్చే అదనపు భత్యం చిన్నదే. కొన్ని స్కూళ్లు రుసుము తీసుకుంటాయి, చాలా చోట్ల అదీ ఉండదు. పై జట్టును వార్సిటీ అంటారు, దాని కింద జేవీ (జూనియర్ వార్సిటీ), పెద్ద స్కూళ్లలో తొమ్మిదో తరగతి వాళ్లకు విడిగా ఇంకో జట్టు. ఎంపికకు వచ్చిన అందరికీ చోటు దొరకదు, మిగిలినవాళ్లను ఇంటికి పంపుతారు.

క్లబ్బును అక్కడి వాళ్లు ట్రావెల్ బాల్ అంటారు. అది ప్రైవేటు వ్యవహారం. 10 ఏళ్ల లోపు, 12 ఏళ్ల లోపు, 14, 16, 18 అంటూ వయసు వారీగా జట్లు. వేసవి శనివారాల్లో తెల్లవారుజామున లేచి మరో ఊరు వెళ్లి, రెండు రోజుల్లో నాలుగైదు ఆటలు ఆడి, ఆదివారం రాత్రికి ఎర్రమట్టి అంటిన బూట్లతో ఇల్లు చేరడం దాని దినచర్య. తల్లిదండ్రులు డబ్బు కడతారు కాబట్టి ఇక్కడ వాళ్ల మాటకు విలువ ఉంటుంది. నచ్చకపోతే జట్టు మారతారు. కొన్ని చోట్ల ఒక తండ్రే కోచ్‌గా ఉండి తన కూతురినే పిచర్‌గా నిలబెడతాడు. దానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు 'డాడీ బాల్'.

తెలుగు కుటుంబాలు ఇల్లు కొనేటప్పుడు ముందు చూసేది స్కూలు రేటింగ్. రేటింగ్ బాగున్న శివారు స్కూళ్లు సాధారణంగా పెద్దవి, రెండు మూడు వేల మంది పిల్లలున్నవి. అక్కడే ఆటల జట్లలో చోటు దొరకడం అన్నిటికంటే కష్టం. నలభై అయిదు మంది ఎంపికకు వచ్చి ముప్పై చోట్లే ఉన్నాయనుకోండి, ఎనిమిదేళ్ల నుంచి క్లబ్బులో ఆడుతున్నవాళ్ల మధ్య తొమ్మిదో తరగతిలో మొదటిసారి గ్లవ్ తొడిగిన అమ్మాయి ఎక్కడ నిలబడుతుంది? అదే అమ్మాయి నాలుగు వందల మంది ఉన్న పల్లె స్కూల్లో చేరితే జట్టులో మనుషులు చాలక కోచ్ స్వయంగా వచ్చి పిలిచేవారేమో. రేటింగ్ చూసి ఇల్లు కొన్న రోజే ఈ విషయం తెలిసిన తల్లిదండ్రులు నాకు ఇంతవరకు తారసపడలేదు. ఇలాంటి చోట ఎంపికలు అంత కఠినంగా లేని పరుగు పందాల జట్టులోకి చాలామంది పిల్లలు మళ్లుతారు.

బెంచీ గణితం

వార్సిటీ జట్టులో పదిహేను మంది ఉన్నారనుకుందాం. మైదానంలో తొమ్మిది మంది. ఏడు ఇన్నింగ్స్ అంటే మొత్తం 63 ఫీల్డింగ్ వంతులు. అందరికీ సమానంగా పంచితే ఒక్కొక్కరికి నాలుగు ఇన్నింగ్స్ పైచిలుకు వస్తాయి. ఏ వార్సిటీ కోచ్ అలా పంచరు. పిచర్, క్యాచర్, రెండు మూడు బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ దాదాపు ఏడు ఇన్నింగ్స్ ఆడతారు. మిగిలిన అయిదారుగురిలో ఒకరు బేస్‌ల మీద బదులు పరుగుకు, ఇంకొకరు చివరి ఇన్నింగ్స్‌లో మైదానం కుడి చివర ఉండే రైట్ ఫీల్డ్‌కు, మరికొందరు డగౌట్‌లో కేకలు వేయడానికి. కోచ్‌కు ఎవరి మీదా కోపం లేకపోయినా ప్రతి సాయంత్రం ఆరుగురు తల్లిదండ్రులు ముఖం చిన్నబుచ్చుకుని ఇల్లు చేరతారు.

అన్యాయం కూడా ఉండదని కాదు. కోచ్ క్లబ్బులో కూడా శిక్షణ ఇస్తుంటే, ఆ క్లబ్బు పిల్లలకే స్కూలు జట్టులో పెద్దపీట వేస్తున్నారనే అనుమానం ఊరూరా వినిపించేదే. కొన్నిసార్లు అది నిజం, కొన్నిసార్లు ఆ పిల్లలు నిజంగానే బాగా ఆడతారు. బయట కుర్చీలో కూర్చుని ఈ రెండింటినీ విడదీయడం దాదాపు అసాధ్యం. అందుకే చాలా స్కూళ్లు సీజన్ మొదట్లోనే తల్లిదండ్రులను పిలిచి ఒక సరిహద్దు గీస్తాయి. అమ్మాయి ఆరోగ్యం గురించో, ఎందులో మెరుగుపడాలో అడగవచ్చు, ఎంతసేపు ఆడించాలన్నది మాత్రం చర్చకు రాదు. ఆట ముగిసిన తరువాత 24 గంటల దాకా కోచ్‌తో మాట్లాడకూడదని చెప్పే చోట్లూ ఉన్నాయి. ముందు అమ్మాయే వెళ్లి మాట్లాడాలి, అమ్మానాన్నల వంతు ఆ తరువాతే.

దీని మీద తల్లిదండ్రులు రెండుగా చీలిపోతారు. ఇది స్కూలు, చదువులో భాగం, పన్నులు మావి, అందరికీ అవకాశం రావాలి అంటారు కొందరు. వార్సిటీ అంటేనే పోటీ, అందరికీ సమానంగా కావాలంటే ఊళ్లో వినోదానికి ఆడే లీగులు ఉన్నాయి కదా అంటారు మిగిలినవారు. జేవీ విషయంలో నాకు మొదటి వాదన సబబనిపిస్తుంది, వార్సిటీకి వస్తే రెండోది. కానీ క్లబ్బుకు డబ్బు కట్టిన అలవాటుతో స్కూలు కోచ్ దగ్గరికి కూడా వినియోగదారుడిలా వెళ్లేవారికి ఈ రెండు వాదనల్లో ఏదీ ఉపయోగపడదు.

అబ్బాయిల మైదానంలో లైట్లు

అమెరికాలో ఈనాడు ఆడపిల్లలు ఇంతగా ఆడుతున్నారంటే దానికి పెద్ద కారణం 1972 జూన్ 23న చట్టమైన టైటిల్ నైన్. ఇంగ్లీషులో దాని అసలు వాక్యం 37 పదాలు, అందులో ఆట అనే మాటే లేదు. ఫెడరల్ ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలో ఆడ, మగ అన్న కారణంతో ఎవరినీ వేరుగా చూడరాదన్నదే దాని సారం. ఆ చట్టానికి ముందు హైస్కూల్ ఆటల్లో ఉన్న అమ్మాయిలు మూడు లక్షల లోపు. ఇప్పుడు 34 లక్షలకు పైనే ఉన్నారు. వాళ్లలో సాఫ్ట్‌బాల్ ఆడేవాళ్లే మూడు లక్షలకు పైన.

అయితే ఈ చట్టం అడిగేది పైసకు పైస సమానమైన ఖర్చును కాదు. మైదానం, పరికరాలు, ఆట వేళలు, కోచింగ్, ప్రయాణం లాంటివన్నీ కలిపి చూస్తే అమ్మాయిలకు దక్కుతున్నది అబ్బాయిలకు దక్కుతున్నదానికి సాటి రావాలి. అందుకే ఒక్క ఆటను ఇంకో ఆటతో పోల్చి తీర్పు చెప్పడం అన్ని సందర్భాల్లో కుదరదు. బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ ఒకే కుదురు ఆటలు, మైదానాలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి తేడా కళ్లకు కడుతుంది.

ఫ్లోరిడాలోని బ్రెవార్డ్ కౌంటీలో ఇలాంటిదే ఒకటి 1997లో ఫెడరల్ కోర్టుకు చేరింది. సాఫ్ట్‌బాల్ ఆడే ఇద్దరు అమ్మాయిల తరఫున వాళ్ల తండ్రి వేసిన దావా అది. అబ్బాయిల మైదానానికి ఎలక్ట్రానిక్ స్కోరుబోర్డు, లైట్లు, తినుబండారాల దుకాణం ఉన్నాయి, అమ్మాయిలకు అవేవీ లేవు. వాటిలో చాలా భాగం బేస్‌బాల్ తల్లిదండ్రుల బూస్టర్ క్లబ్బు, అంటే చందాలు పోగుచేసే సంఘం, కట్టించుకున్నదని స్కూలు బోర్డు వాదించింది. సొమ్ము ఎవరిదైనా అసమానత ఏర్పడితే బాధ్యత బోర్డుదేనని కోర్టు చెప్పింది. సరిచేయమంటే బోర్డు తెచ్చిన ప్రణాళిక ఇంకా విచిత్రం: అమ్మాయిలకు కొత్తవి కట్టడానికి డబ్బు లేదు కాబట్టి అబ్బాయిల స్కోరుబోర్డు ఆపేస్తాం, వాళ్ల బెంచీల్లో కొన్నిటికి తాడు కట్టేస్తాం అని. కోర్టు దాన్ని మెచ్చుకోలేదు. తమ ఆట బాగుపడాలని కోర్టుకెక్కిన అమ్మాయిల మీద స్కూలంతా కోపం పెంచుకునేలా ఉందా ఉపాయం!

బూస్టర్ క్లబ్బు తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే వాళ్ల గోడూ నిజమే. శుక్రవారం సాయంత్రాలు హాట్‌డాగులు అమ్మి, ఊళ్లో దుకాణాలు తిరిగి చందాలు అడిగి కూడబెట్టింది తమ పిల్లల కోసం. అందులో వాటా ఇవ్వమంటే బాధగానే ఉంటుంది. కానీ చందా మైదానంగా మారిన మరుక్షణం అది స్కూలు ఆస్తి. ఈ సంఘాల్లో మనవాళ్లూ కనబడుతున్నారు. మాంసం ముట్టని అమ్మ ఒకావిడ పొడవాటి పటకారుతో హాట్‌డాగులు తిప్పుతూ, చిల్లర లెక్కపెడుతూ దుకాణం నడపడం నేను చూశాను. కూతురు ఆడిన ఇన్నింగ్స్‌లో సగం ఆవిడకు ఆ దుకాణం కిటికీలోంచే కనబడ్డాయి.

స్కాలర్‌షిప్ అనే ఎండమావి, అందులో కొంత నీరు

2024లో స్టాన్‌ఫోర్డ్ నుంచి టెక్సస్ టెక్‌కు మారిన నైజారీ కెనడీ అనే పిచర్‌కు ఒక్క ఏడాదికి పది లక్షల డాలర్లకు పైగా ఒప్పందం కుదిరిందన్న వార్త క్లబ్బుల్లో పండగలా పాకింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ తిరిగి వస్తోంది. ఇవి చూసి తల్లిదండ్రుల కళ్లల్లో వెలుగు రావడం సహజం. ఇక లెక్క వేద్దాం.

కింది అంకెలు ఉదాహరణకు అనుకున్నవి, ఊరిని బట్టి మారతాయి. క్లబ్బు రుసుము ఏడాదికి 3,000 డాలర్లు. హోటళ్లు, పెట్రోలు, ఒకటి రెండు విమానాలు 4,000. పిచింగ్ పాఠం ఒక్కోటి 50 డాలర్ల చొప్పున నలభై వారాలకు 2,000. బ్యాటు, బూట్లు, గ్లవ్ 700. మొత్తం 9,700. పన్నెండో ఏట మొదలుపెట్టి అయిదేళ్లు సాగితే 48,500 డాలర్లు.

మరి ఇంత పెట్టినందుకు వచ్చేదేమిటి? అమెరికా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ కింద డివిజన్ వన్, టూ, త్రీ అని మూడు అంచెలు ఉన్నాయి, వన్ అన్నిటికంటే పైది. మూడిట్లో కలిపి సాఫ్ట్‌బాల్ ఆడేవాళ్లు సుమారు ఇరవై వేల మంది. హైస్కూల్లో ఆడే వంద మందిలో ఆరుగురు అక్కడికి చేరతారు, అందులో డివిజన్ వన్‌కు వెళ్లేది దాదాపు ఇద్దరు. 2024-25 దాకా డివిజన్ వన్‌లో ఒక్కో జట్టుకు 12 పూర్తి స్కాలర్‌షిప్‌ల విలువ మాత్రమే ఇవ్వనిచ్చేవారు. దాన్ని ముక్కలు చేసి పంచేవారు. జట్టులో ఇరవై నాలుగు మంది ఉంటే సగటున ఒక్కొక్కరికి సగం. సగటు అన్నాను గానీ పిచర్‌కు పూర్తిగా ఇచ్చి మరొకరికి పుస్తకాల ఖర్చు ఇచ్చినా లెక్క అదే వస్తుంది. 'సాఫ్ట్‌బాల్ స్కాలర్‌షిప్ వచ్చింది' అని ఎవరైనా చెబితే ఎంత శాతం అన్నది వినబడని ప్రశ్నగానే మిగిలిపోతుంది.

కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో కుదిరి, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందం ఈ పద్ధతిని మార్చింది. దాన్ని ఒప్పుకున్న కాలేజీల్లో స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి, జట్టులో 25 మందే ఉండాలన్న పరిమితి వచ్చింది. కావాలంటే ఆ 25 మందికీ పూర్తిగా ఇవ్వవచ్చు. ఇవ్వాలని మాత్రం ఎక్కడా లేదు. కొత్తగా ఆటగాళ్లతో నేరుగా పంచుకోవడానికి అనుమతించిన సొమ్ములో పెద్ద భాగం చాలా చోట్ల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వైపే పోతోంది. అంతకుముందు డబ్బు లేకుండా ఇష్టంతో జట్టులో చేరే అమ్మాయిలకు కొన్ని చోట్ల ఆ చోటే కరువైంది. ఒకే మార్పు ఒక ఇంట్లో లడ్డూ, పక్కింట్లో కన్నీళ్లు.

ఇంకో సంగతి. డివిజన్ వన్ సాఫ్ట్‌బాల్ కోచ్‌లు అమ్మాయి పదకొండో తరగతిలో అడుగుపెట్టే ఏడాది సెప్టెంబర్ 1కి ముందు ఆమెతో నేరుగా మాట్లాడకూడదు. 2018లో ఈ నియమం రాకముందు ఎనిమిదో తరగతి పిల్లలు కూడా ఫలానా కాలేజీకి మాట ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. కాలేజీ కోచ్‌లు ఎక్కువగా ఆటగాళ్లను వెతికేది వేసవి క్లబ్బు పోటీల్లో, ఎందుకంటే ఒకే చోట అరవై జట్లు కనబడతాయి. అందుకే క్లబ్బు అక్కర్లేదని చెప్పడం కూడా అంత తేలిక కాదు.

తెలుగు తల్లిదండ్రుల చెవులు నిక్కపొడుచుకునేది మూడో అంచె దగ్గర. డివిజన్ త్రీలో ఆటకు స్కాలర్‌షిప్ అసలు లేదు. కానీ ఎంఐటీ, ఎమరీ, టఫ్ట్స్ లాంటివి ఆ అంచెలోనే ఉన్నాయి. టఫ్ట్స్ అమ్మాయిలు 2013 నుంచి వరుసగా మూడేళ్లు జాతీయ సాఫ్ట్‌బాల్ విజేతలు. ఇలాంటి చోట్ల, మార్కులు సరిపడా ఉన్న అమ్మాయి విషయంలో కోచ్ ప్రవేశాల కార్యాలయానికి చెప్పే మాట కొంత పనిచేయవచ్చు. ఐవీ లీగ్ డివిజన్ వన్‌లో ఉన్నా ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వదు, కుటుంబ ఆదాయాన్ని బట్టే సాయం చేస్తుంది. అంటే సాఫ్ట్‌బాల్‌తో డబ్బు రావడం కంటే తలుపు తెరుచుకోవడం కొందరికి ఎక్కువ సాధ్యం.

48,500 డాలర్లను పిల్ల చదువు కోసం దాచే 529 ఖాతాలో వేస్తే మేలు కదా అనేవారి లెక్క కాగితం మీద తిరుగులేనిది. దానికి ఎదురు చెప్పేవారు స్కాలర్‌షిప్ మాటే ఎత్తరు. పదిహేనేళ్ల కూతురు తలుపు వేసుకుని ఫోను చూసుకునే వయసులో, వారానికి ఆరు గంటలు కారులో పక్క సీట్లో దొరికింది అంటారు. ఓడిపోయిన రోజు మొదటి గంట ఎవరూ మాట్లాడకూడదన్న ఒప్పందం మాత్రం ఆ కార్లలో చాలావాటిలో ఉంటుంది.

భుజం

చేతిని కింది నుంచి తిప్పి వేయడం సహజమైన కదలిక కాబట్టి నొప్పి రాదని మైదానాల్లో ఒక నమ్మకం ఉంది. గాలిమర పద్ధతిలో భుజం మీద పడే ఒత్తిడి బేస్‌బాల్ పిచర్ల మీద పడేదానికి పెద్దగా తీసిపోదని పరిశోధనల్లో తేలింది. అయినా హైస్కూల్ బేస్‌బాల్‌లో 2017 నుంచి ప్రతి రాష్ట్రం పిచ్‌లకు పరిమితి పెట్టాలన్న జాతీయ నియమం ఉండగా, సాఫ్ట్‌బాల్‌కు అలాంటి జాతీయ నియమం లేదు. ఒకే అమ్మాయి శనివారం రెండు ఆటలు, ఆదివారం రెండు ఆటలు వేస్తే లెక్క పెట్టుకునేది వాళ్లమ్మే. బ్యాటర్ హెల్మెట్‌కు ముఖం ముందు జాలీ తప్పనిసరి. ఫీల్డర్ల ముసుగు మాత్రం జాతీయ నియమాల ప్రకారం ఐచ్ఛికం. 43 అడుగుల దూరంలో నిలబడ్డ పిచర్‌కు బంతి తిరిగి ఎంత వేగంగా వస్తుందో పైన వేసిన లెక్కను తలకిందులు చేసి చూసుకోవచ్చు.

వీసా మీద ఉన్న ఇళ్లలో

హెచ్-1బీ మీద వచ్చిన తల్లిదండ్రుల పిల్లలు హెచ్-4 మీద ఉంటారు. స్కూలు జట్టులో ఆడటానికి అది అడ్డు రాదు. కాలేజీ తన నిధుల నుంచి ఇచ్చే స్కాలర్‌షిప్‌కూ అడ్డు కాదు, ఫెడరల్ సాయం మాత్రం అందదు. తన పేరు, బొమ్మ వాడుకోనిచ్చి డబ్బు తీసుకోవడానికి ఇప్పుడు చాలా రాష్ట్రాల్లో హైస్కూల్ పిల్లలకు కూడా అనుమతి ఉంది. పని చేసే అనుమతి లేని పిల్ల అలాంటి సొమ్ము తీసుకుంటే వీసాకే ఎసరు రావచ్చు. బ్యాటు కంపెనీ ఇచ్చే చిన్న మొత్తమైనా సరే, సంతకానికి ముందు వలస న్యాయవాది దగ్గరికి వెళ్లాల్సిన ఇల్లు అది. పచ్చకార్డు రాకుండా అమ్మాయికి 21 ఏళ్లు నిండితే హెచ్-4 ముగిసి విద్యార్థి వీసాకు మారాలి. చాలామందికి కాలేజీ జట్టులో మూడో ఏడాది మధ్యలో ఆ పుట్టినరోజు వస్తుంది.

చివరి సొంత మైదానపు ఆట

పన్నెండో తరగతి వాళ్లకు వీడ్కోలుగా సొంత మైదానంలో జరిగే ఒక ఆటను సీనియర్ నైట్ అంటారు. ఆట మొదలయ్యే ముందు ఒక్కో అమ్మాయి అమ్మానాన్నలతో కలిసి మైదానం మధ్యకు నడుస్తుంది. పువ్వులు ఇస్తారు. మైకులో పేరు చదివే మనిషి ముందు రోజే వచ్చి తెలుగు ఇంటిపేరు ఎలా పలకాలో అడిగి, ఇంగ్లీషు అక్షరాల్లో ముక్కలు ముక్కలుగా రాసుకుని వెళతాడు, అయినా తప్పు చదువుతాడు. చాలామంది కోచ్‌లు ఆ రోజు సీనియర్లందరినీ మొదటి తొమ్మిది మందిలో దింపుతారు. నాలుగేళ్లు ఏడో ఇన్నింగ్స్ కోసం ఎదురుచూసిన అమ్మాయి మొదటి ఇన్నింగ్స్‌లోనే రైట్ ఫీల్డ్‌కు పరుగెడుతుంది. మంకీ క్యాప్ తాతగారు ఈసారి చప్పట్లు ఎవరికో తెలిసే కొడతారు.